యాంటెనాతో ఉచిత హెచ్‌డీ టీవీ: లినక్స్ మీడియా కంప్యూటర్ ఇంట్లోనే తయారు చేసుకోవడం ఎలా?

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు నెలనెలా కేబుల్‌కో, లైవ్ టీవీ యాప్‌కో డబ్బు కట్టి చూసే ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ చానళ్లు ఇంటి పైకప్పు మీదుగా ఉచితంగానే పోతుంటాయి. 2009 జూన్ 12 నాటికి పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేసి డిజిటల్‌కు మారాయి. ఒక్కో స్టేషన్‌కు 6 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానల్ ఉంటుంది. అందులో సెకనుకు 19.39 మెగాబిట్ల డేటా వస్తుంది. దానికి ఏ తాళమూ ఉండదు. అందుకే లినక్స్ (విండోస్‌లాంటిదే, కానీ ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) వేసిన ఒక మామూలు కంప్యూటర్ ఆ సిగ్నల్‌ను నేరుగా పట్టుకుని టీవీలో చూపించగలదు, రికార్డు చేసి పెట్టగలదు.

ఈ స్వేచ్ఛ ఊరికే రాలేదు. డిజిటల్ టీవీ పట్టుకునే ప్రతి పరికరమూ 'బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్' అనే కాపీ నిషేధపు గుర్తుకు లోబడాలని, 2005 జులై నుంచి అది అమలు కావాలని అమెరికాలో ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ రూల్ పెట్టింది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్, మరికొన్ని సంస్థలు కోర్టుకెళ్లాయి. అలాంటి రూల్ పెట్టే అధికారం ఎఫ్‌సీసీకి లేదని 2005 మేలో వాషింగ్టన్ డీసీ అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు ఎఫ్‌సీసీ వైపు వచ్చి ఉంటే, మన చేత్తో బిగించుకున్న కంప్యూటర్‌లో హెచ్‌డీ టీవీ చూసే దారి అప్పుడే మూసుకుపోయేది.

ఒక్క మాట ముందే చెప్పాలి. తెలుగు చానళ్ల కోసం, క్రికెట్ కోసం అయితే ఇది దారి కాదు. వాటికి చందాలు వేరే ఉన్నాయి. లోకల్ న్యూస్, ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లు, పిల్లలకు పీబీఎస్, టోర్నడో హెచ్చరికలు వీటికోసం చేసుకోండి. గాలివాన రాత్రి ఇంటర్నెట్ పోయినా కరెంటు ఉంటే చాలు, యాంటెనాలో వాతావరణ వార్తలు ఆగవు. టెక్సస్‌లో ఉండేవాళ్లకు ఈ ఒక్క కారణం చాలు.

నేను డాలస్ చుట్టుపక్కల పరిస్థితిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీరు న్యూజెర్సీలో ఉన్నా, బే ఏరియాలో ఉన్నా పద్ధతి ఇదే. డబ్బు పెట్టే వరస మాత్రం గుర్తుంచుకోండి: ముందు యాంటెనా, తర్వాత ట్యూనర్ (యాంటెనా సిగ్నల్‌లోంచి చానల్‌ను పట్టి కంప్యూటర్‌కు అందించే పరికరం), ఆఖరున కంప్యూటర్. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఖరీదైన కంప్యూటర్ కొని, దానికి కిటికీకి అంటించే పలచటి యాంటెనా తగిలించి, బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతోందని లినక్స్‌ను తిడతారు.

మొదటి పని: యాంటెనా

ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో డీటీవీ మ్యాప్ ఉంది, ర్యాబిట్‌ఇయర్స్ అనే సైట్ కూడా ఉంది. రెంట్లో ఏదో ఒకదాంట్లో మీ అడ్రస్ కొట్టండి. ఏ స్టేషన్ ఏ దిక్కున, ఎన్ని మైళ్ల దూరంలో, ఎంత బలంగా ఉందో చూపిస్తుంది. డాలస్‌వాళ్లకు పని సులువు. పెద్ద స్టేషన్ల టవర్లన్నీ సెడార్ హిల్ దగ్గరే గుంపుగా ఉన్నాయి. ఇర్వింగ్ నుంచి 15, 20 మైళ్లు. ఫ్రిస్కో నుంచి 40 మైళ్ల దాకా ఉంటుంది. ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉంటే యాంటెనాను దక్షిణానికి, కాస్త పడమర వైపు ఒరిగేలా తిప్పాలి.

టీవీలో కనిపించే చానల్ నంబరు, గాల్లో వచ్చే అసలు చానల్ నంబరు చాలావరకు ఒకటి కావు. డాలస్‌లో ఎన్‌బీసీ 5 అసలు వచ్చేది 24వ చానల్ మీద, సీబీఎస్ 11 వచ్చేది 19 మీద. అవన్నీ యూహెచ్‌ఎఫ్, అంటే తక్కువ పొడవు తరంగాల బ్యాండ్. ఏబీసీ 8 మాత్రం నిజంగానే 8వ చానల్ మీద, అంటే పొడవాటి తరంగాల వీహెచ్‌ఎఫ్ బ్యాండ్‌లో వస్తుంది. దాని తరంగం పొడవు మీటరున్నర పైమాటే. అందులో సగం, అంటే దాదాపు 80 సెంటీమీటర్ల కడ్డీ ఉన్న యాంటెనాకే అది బాగా దొరుకుతుంది. అన్నీ వచ్చి ఏబీసీ ఒక్కటే రావడం లేదని చాలామంది అనేది ఇందుకే. కొనేటప్పుడు డబ్బా మీద 'హై వీహెచ్‌ఎఫ్' అని ఉందో లేదో చూడండి. మైళ్ల లెక్కలు పెద్దపెద్దవి వేసి అమ్మే వాటిని నమ్మకండి.

ఎక్కడ పెట్టాలి? పైకప్పు మీద అయితే అన్నిటికన్నా మేలు, ఆటిక్‌లో పెట్టినా సరిపోవచ్చు. కానీ ఆటిక్ ఎక్కినప్పుడు ముందు తల పైకెత్తి చూడండి. టెక్సస్‌లో కొత్తగా కట్టిన ఇళ్లలో చాలావాటికి పైకప్పు చెక్కల అడుగున వెండిలా మెరిసే రేకు ఉంటుంది. ఎండ వేడి లోపలికి రాకుండా వేసే రేడియంట్ బ్యారియర్ అది. వేడితోపాటు టీవీ సిగ్నల్‌ను కూడా ఆపేస్తుంది. అది కనిపిస్తే ఆటిక్ ఆలోచన మానేసి బయటే పెట్టండి.

హెచ్‌ఓఏ (కాలనీలోని ఇళ్ల ఓనర్ల సంఘం) ఒప్పుకోదేమోనని టెన్షన్ పడొద్దు. 1996 నుంచి ఎఫ్‌సీసీ రూల్ ఒకటి అమల్లో ఉంది. సొంత ఇంటి మీద, లేదా అద్దె ఇంట్లో మీరొక్కరే వాడుకునే బాల్కనీలో లోకల్ టీవీ యాంటెనా పెట్టుకోవడాన్ని హెచ్‌ఓఏ గానీ, ఓనర్ గానీ అడ్డుకోకూడదు. అపార్టుమెంట్ వాళ్లందరూ వాడుకునే టెర్రస్‌కు, బయటి గోడకు ఈ హక్కు వర్తించదు. హెచ్‌ఓఏ నుంచి ఉత్తరం వస్తే ఆ రూల్ పేరు 'ఓటార్డ్' అని రాసి మర్యాదగా జవాబివ్వండి.

కేబుల్ ఆర్‌జీ6 రకం వాడండి. బయట పెట్టిన స్తంభాన్నీ కేబుల్‌నూ ఇంటి ఎర్తింగ్‌కు కలపడం మాత్రం వాయిదా వేయకండి. చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పిడుగుల ప్రాంతంలో ఇది సరదా పని కాదు. యాంప్లిఫయర్ వెంటనే కొనకండి. టవర్లకు 15, 20 మైళ్లలో ఉన్నవాళ్లకు అది మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది, ట్యూనర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. కేబుల్ బాగా పొడవైనప్పుడు, స్ప్లిటర్ పెట్టి పంచుకున్నప్పుడే దాని అవసరం.

రెండో పని: ట్యూనర్

రెండు రకాలున్నాయి. కంప్యూటర్‌లోనే బిగించేవి ఒకటి: హాపాజ్ వాళ్ల క్వాడ్‌హెచ్‌డీ పీసీఐ కార్డు, డ్యూయల్‌హెచ్‌డీ యూఎస్‌బీ స్టిక్. వీటి డ్రైవర్లు లినక్స్ కెర్నల్‌లోనే (లినక్స్ మూల భాగంలోనే) ఉన్నాయి. రెండోది నెట్‌వర్క్ ట్యూనర్, అంటే హెచ్‌డీహోమ్‌రన్. ఇది చిన్న పెట్టె. ఒక పక్క యాంటెనా కేబుల్, ఇంకో పక్క ఈథర్‌నెట్ కేబుల్ పెడితే చాలు.

నేనైతే హెచ్‌డీహోమ్‌రన్‌నే ఎంచుకోమంటాను. దానికి డ్రైవర్ అక్కర్లేదు, కెర్నల్ మారినప్పుడల్లా భయం లేదు. యాంటెనా కేబుల్ ఇంట్లోకి ఎక్కడ దిగుతుందో అక్కడే పెట్టేయొచ్చు, టీవీ దాకా కేబుల్ లాగక్కర్లేదు. కాకపోతే వైఫై మీద నడపకండి. కంప్యూటర్‌నూ పెట్టెనూ ఒకే స్విచ్‌కు వైరుతో కలపండి. ఒక చానల్ చూస్తూ ఇంకోటి రికార్డు చేయాలంటే రెండు ట్యూనర్లు కావాలి. ఇంట్లో రెండు టీవీలుంటే నాలుగు ట్యూనర్లది తీసుకోండి.

యూఎస్‌బీ లేదా పీసీఐ తీసుకుంటే, బిగించాక టెర్మినల్‌లో డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి చివరి లైన్లు చదవండి. కార్డు పేరు కనిపించాలి. ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని వస్తే, ఆ ఫైలు పేరు కూడా అక్కడే ఉంటుంది. అది తెచ్చి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో పెట్టి మళ్లీ బూట్ చేయండి.

మూడో పని: కంప్యూటర్

ఇక్కడ ఎక్కువ ఆలోచించాల్సింది ఏమీ లేదు. ఈ ప్రసారాలు ఎంపెగ్-2 వీడియోలో వస్తాయి. అది 1990ల నాటి పద్ధతి, ఇప్పటి ప్రాసెసర్‌కు లెక్కలోది కాదు. ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ఇంటెల్ ఐ3, 8 జీబీ ర్యామ్, సిస్టమ్ కోసం చిన్న ఎస్‌ఎస్‌డీ, రికార్డింగులకు 2 లేదా 4 టీబీ హార్డ్ డిస్క్ చాలు. విడిగా గ్రాఫిక్స్ కార్డు వద్దు. ప్రాసెసర్‌లోనే ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్‌తో లినక్స్‌లో తలనొప్పి తక్కువ. అయితే పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు, అవి తీసుకోకండి. ఖర్చు దేని మీద పెట్టొచ్చంటే, నిదానంగా తిరిగే పెద్ద ఫ్యాన్ మీద. హాల్లో పెట్టే కంప్యూటర్ రాత్రి పూట గుయ్‌మంటే ఇంట్లోవాళ్లు దాన్ని ఎక్కువ రోజులు ఉండనివ్వరు.

రిమోట్ కోసం ఫ్లర్క్ అనే చిన్న యూఎస్‌బీ రిసీవర్ దొరుకుతుంది. ఇంట్లో ఉన్న ఏ రిమోట్‌నైనా దానికి నేర్పించొచ్చు. టీవీ రిమోట్‌తోనే హెచ్‌డీఎంఐ గుండా నడపడం మామూలు పీసీల్లో సాధారణంగా కుదరదు, దానికి విడిగా అడాప్టర్ కావాలి.

నాలుగో పని: సాఫ్ట్‌వేర్ ఎక్కించడం

రెండు ప్రోగ్రాములు కావాలి. ట్యూనర్‌ను నడిపి, చానళ్లు వెతికి, రికార్డు చేసేది టీవీహెడ్‌ఎండ్. టీవీ తెర మీద చూపించేది కోడి. లినక్స్ అలవాటున్నవాళ్లు డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) వేసి రెండూ విడివిడిగా ఎక్కించుకోవచ్చు. కొత్తవాళ్లకు లిబ్రెఎలెక్ మంచిది. అది కోడి ఒక్కదాన్ని నడపడానికే కుదించిన లినక్స్. ఇంటెల్ పీసీకి 'జెనెరిక్' అన్న ఇమేజ్ దింపుకుని, పెన్‌డ్రైవ్‌లోకి రాసి, దానితో బూట్ చేసి ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించండి. ఎక్కించేటప్పుడు అది ఆ డిస్క్‌ను పూర్తిగా చెరిపేస్తుంది, రెండు డిస్కులుంటే సరైనదాన్నే ఎంచుకోండి.

కోడి తెర వచ్చాక యాడ్-ఆన్ల మెనూలో లిబ్రెఎలెక్ రిపాజిటరీ తెరిచి, సర్వీసెస్ కింద టీవీహెడ్‌ఎండ్ సర్వర్ ఎక్కించండి. తర్వాత పీవీఆర్ క్లయింట్లలో టీవీహెడ్‌ఎండ్ హెచ్‌టీఎస్‌పీ క్లయింట్ ఎక్కించండి. మొదటిది పనివాడు, రెండోది ఆ పనివాడితో మాట్లాడే మనిషి. రెండూ ఉంటేనే కోడిలో టీవీ మెనూ నిండుతుంది.

మిగతా పని లాప్‌టాప్ నుంచి చేస్తే హాయి. బ్రౌజర్‌లో మీడియా కంప్యూటర్ ఐపీ అడ్రస్ కొట్టి, చివర కోలన్ పెట్టి 9981 అని చేర్చండి. టీవీహెడ్‌ఎండ్ విజార్డ్ తెరుచుకుంటుంది. భాష, యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. తర్వాత ట్యూనర్ల పేజీలో నెట్‌వర్క్ రకం అడుగుతుంది. అక్కడ ఏటీఎస్‌సీ-టీ ఎంచుకోవాలి (ఏటీఎస్‌సీ అంటే అమెరికా డిజిటల్ టీవీ ప్రమాణం). పక్కనే ఉండే ఏటీఎస్‌సీ-సీ కేబుల్‌కు సంబంధించింది, అది పెడితే ఒక్క చానలూ దొరకదు. ముందే తయారుగా ఉన్న ఫ్రీక్వెన్సీల జాబితాలో అమెరికాది, 8వీఎస్‌బీ అని ఉన్నది తీసుకోండి.

స్కాన్ కాసేపు పడుతుంది. చాలా లైన్లు ఫెయిల్ అని వస్తాయి, కంగారుపడకండి. ఆ జాబితాల్లో పాత చానళ్లు కూడా ఉంటాయి. ఎఫ్‌సీసీ పెట్టిన తరంగాల వేలం 2017లో ముగిశాక 37 పైనున్న చానళ్లు ఫోన్ కంపెనీలకు పోయాయి, 2020 నాటికి స్టేషన్లన్నీ 2 నుంచి 36 లోపలికి సర్దుకున్నాయి. 37 పైనవన్నీ జాబితాలోంచి తీసేయండి. ఆ పైన ఇప్పుడు సెల్ టవర్లు మాట్లాడుకుంటున్నాయి కాబట్టి, టవర్ మీ ఇంటికి దగ్గరగా ఉంటే ట్యూనర్ ముందు ఎల్‌టీఈ ఫిల్టర్ ఒకటి తగిలిస్తే మంచిది.

దొరికిన సర్వీసులను చానళ్లుగా మ్యాప్ చేస్తే అవి కోడిలో కనిపిస్తాయి. కానీ చూడటం మొదలుపెట్టే ముందు స్టేటస్ పేజీలో స్ట్రీమ్ ట్యాబ్ తెరవండి. మీ యాంటెనా పని నిజంగా తేలేది ఇక్కడే. ఎస్‌ఎన్‌ఆర్ (గోలతో పోలిస్తే సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) డెసిబెల్స్‌లో కనిపిస్తే, 15 దగ్గర సిగ్నల్ పూర్తిగా తెగిపోతుందని గుర్తుంచుకోండి. 16, 17 ఉన్న చానల్ ఈ రోజు బాగా కనిపించినా, చెట్లు చిగురించగానే విరిగిపోతుంది. 20 దాటేలా చూసుకోండి. హెచ్‌డీహోమ్‌రన్ అయితే సిగ్నల్ నాణ్యతను శాతంలో చూపిస్తుంది. పక్కనే ఉన్న కంటిన్యుటీ ఎర్రర్ల (దారిలో పోయిన డేటా ముక్కల) అంకె కదలకుండా ఉండాలి. ఒకరు యాంటెనా దగ్గర నిలబడి కొద్దికొద్దిగా తిప్పుతుంటే, ఇంకొకరు ఆ అంకెలు చూసి ఫోన్‌లో చెబుతుండాలి. నాలుగైదు డిగ్రీల మలుపుకే అంకె మారడం కనిపిస్తుంది. అన్నిటికన్నా బలహీనమైన చానల్‌ను చూసుకుంటూ సరిచేయండి, బలమైనవి వాటంతటవే వస్తాయి.

ఐదో పని: బొమ్మ సాఫీగా ఆడేలా చేయడం

చానల్ వచ్చేసిందని ఇక్కడ ఆగకండి. హెచ్‌డీ అందం అంతా ఈ మెట్టులోనే ఉంది.

సీబీఎస్, ఎన్‌బీసీ నెట్‌వర్కులు 1080ఐ లో, ఏబీసీ, ఫాక్స్ 720పీ లో ప్రసారం చేస్తాయి. ఆ 'ఐ' అంటే ఇంటర్లేస్డ్. పూర్తి బొమ్మ ఒకేసారి రాదు. ఒకసారి సరి గీతలు, ఇంకోసారి బేసి గీతలు, 540 చొప్పున, సెకనుకు దాదాపు 60 సార్లు వస్తాయి. వాటిని కలిపి నిండు బొమ్మగా చేయడమే డీఇంటర్లేసింగ్. ఇది సరిగా లేకపోతే, పరిగెత్తే ఆటగాడి అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి.

కోడి సెట్టింగ్స్‌ను ఎక్స్‌పర్ట్ స్థాయిలో పెట్టండి. ప్లేయర్ విభాగంలో వీఏఏపీఐ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే పద్ధతి) ఆన్ చేయండి. తర్వాత ఒక 1080ఐ చానల్ పెట్టి, అది ఆడుతుండగా వీడియో సెట్టింగ్స్ తెరిచి డీఇంటర్లేస్ పద్ధతి చూడండి. వీఏఏపీఐ-ఎమ్‌సీడీఐ కనిపిస్తే అదే పెట్టండి. లేకపోతే మాడీ, అదీ లేకపోతే బాబ్. అన్ని చానళ్లకూ వర్తించేలా డిఫాల్ట్‌గా సేవ్ చేయండి. కీబోర్డులో 'ఓ' అక్షరం నొక్కితే ఏ డీకోడర్, ఏ పద్ధతి వాడుతోందో తెర మీదే చూపిస్తుంది. హార్డ్‌వేర్ పద్ధతిలో ఏదైనా తేడా కనిపిస్తే వీఏఏపీఐ ఆపేయండి. ఎంపెగ్-2 తేలికైనది కాబట్టి ప్రాసెసరే ఆ పని మోస్తుంది.

రెండో విషయం రిఫ్రెష్ రేటు. అమెరికా టీవీ సెకనుకు 60 కాదు, 59.94. కంప్యూటర్ 60 మీద టీవీని నడిపితే ప్రతి 17 సెకన్లకు దాదాపు ఒక ఫ్రేమ్ తేడా పడుతుంది. న్యూస్ చానల్ కింద పరిగెత్తే అక్షరాలను కాసేపు చూడండి. సాఫీగా పోతూ పోతూ ఒక్కసారి చిన్న కుదుపు వస్తుంది, మళ్లీ కాసేపటికి అదే కుదుపు. ఒకసారి కంటపడితే ఇక వదలదు. ప్లేయర్ సెట్టింగ్స్‌లో 'అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్' ఆప్షన్‌ను వీడియో మొదలైనప్పుడూ ఆగినప్పుడూ మారేలా పెట్టండి. వైట్‌లిస్ట్‌లో (కోడి వాడొచ్చని మనం ఎంచే డిస్‌ప్లే మోడ్‌ల జాబితాలో) 1080పీ 59.94 తప్పనిసరిగా ఉండాలి.

టీవీ వైపు కూడా రెండు సర్దాలి. చాలా టీవీలు హెచ్‌డీఎంఐ బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు కోసేస్తాయి. దాన్ని 'జస్ట్ స్కాన్' అనో, '1:1' అనో ఉన్న మోడ్‌లోకి మార్చండి. మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ధ్వని డాల్బీ ఏసీ-3 లో వస్తుంది, చాలా కార్యక్రమాలు 5.1 లో ఉంటాయి. ఇంట్లో ఆడియో రిసీవర్ గానీ, దాన్ని అర్థం చేసుకునే సౌండ్‌బార్ గానీ ఉంటే కోడిలో పాస్‌త్రూ (ధ్వనిని మార్చకుండా నేరుగా పంపే పద్ధతి) ఆన్ చేయండి. ఉన్నట్టుండి ఎవరో తెర మీద జరిగేదంతా వర్ణిస్తున్నట్టు వినిపిస్తే, అది చూపు లేనివారికోసం ఇచ్చే రెండో ఆడియో ట్రాక్. ఆడియో మెనూలో మొదటి ట్రాక్‌కు మార్చుకోండి.

ఆరో పని: గైడ్, రికార్డింగ్

ప్రోగ్రాం వివరాలు సిగ్నల్‌తోపాటే వస్తాయి. టీవీహెడ్‌ఎండ్‌లో ఈపీజీ (ప్రోగ్రాం గైడ్) గ్రాబర్ల జాబితాలో పీఎస్‌ఐపీ అన్నది ఆన్ చేస్తే చాలు. కానీ అందులో కొన్ని గంటల వివరాలే ఉంటాయి. వచ్చే ఆదివారం మ్యాచ్‌ను ఇవాళే రికార్డుకు పెట్టాలంటే షెడ్యూల్స్ డైరెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థకు ఏడాదికి కొద్దిపాటి చందా కట్టాలి. రెండు వారాల గైడ్ వస్తుంది. నా మట్టుకు ఇది కట్టదగ్గ డబ్బే.

రికార్డింగ్ ప్రొఫైల్‌ను పాస్-త్రూలో ఉంచండి. స్టేషన్ పంపింది పంపినట్టే డిస్క్‌లోకి పోతుంది, నాణ్యత చుక్కంత కూడా తగ్గదు. ఒక స్టేషన్ 19.39 మెగాబిట్లనూ ఒకే చానల్‌కు వాడితే గంటకు 8.7 జీబీ. ఉప చానళ్లతో పంచుకుంటారు కాబట్టి మామూలుగా అంతకన్నా తక్కువే పడుతుంది. ముందు రెండు నిమిషాలు, వెనక ఐదు నిమిషాలు ఎక్కువ రికార్డయ్యేలా పెట్టండి. ఫుట్‌బాల్‌కు వెనక గంట ఇవ్వండి, ఓవర్‌టైమ్‌కు వెళ్లిన మ్యాచ్ సరిగ్గా ఆఖరి నిమిషంలో తెగిపోతే ఇంటిల్లిపాదీ బాధపడతారు. లిబ్రెఎలెక్‌లో పెద్ద హార్డ్ డిస్క్ ఎక్కడ మౌంట్ అయిందో చూసి, రికార్డింగ్ ఫోల్డర్‌ను అక్కడికి మార్చడం మరిచిపోకండి. లేకపోతే అన్నీ చిన్న ఎస్‌ఎస్‌డీలో పడి అది ఇట్టే నిండిపోతుంది.

కొత్త ప్రమాణం గురించి

దుకాణంలో ఏటీఎస్‌సీ 3.0, నెక్స్ట్‌జెన్ టీవీ అని రాసి ఉన్న ట్యూనర్లు కనిపిస్తాయి. బొమ్మ నాణ్యత పెంచే అవకాశం దానికి నిజంగానే ఉంది. కానీ చాలా స్టేషన్లు ఆ ప్రసారాలకు డీఆర్‌ఎం తాళం వేశాయి, లినక్స్ కంప్యూటర్‌లో అవి తెరుచుకోవు. ఆడియో కూడా ఏసీ-4 అనే కొత్త పద్ధతిలో ఉంటుంది. 2005లో కోర్టు తీసేసిన తాళం వేరే తలుపు నుంచి తిరిగి వచ్చినట్టే ఇది. ప్రజల గాలి తరంగాల మీద ప్రజలకే తాళం వేయడం తప్పని నా గట్టి అభిప్రాయం. ఈ విషయం మీద ఎఫ్‌సీసీ అభిప్రాయాలు అడిగినప్పుడు ఎవరైనా ఆన్‌లైన్‌లో రాయొచ్చు. మీరూ రాయండి. ప్రస్తుతానికి ఏటీఎస్‌సీ 1.0 (ఇప్పటిదాకా చెప్పుకున్న పాత ప్రమాణం) ట్యూనర్ కొనుక్కుంటే చాలు, 3.0 కోసం అదనపు డబ్బు పెట్టకండి.

అంతా కుదిరాక లిబ్రెఎలెక్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ తీసి ఫైలును ఇంకో కంప్యూటర్‌లో దాచండి. చానళ్ల మ్యాపింగ్, రికార్డింగ్ షెడ్యూళ్లు అన్నీ అందులో ఉంటాయి. రోజూ వచ్చే చానల్ ఒకటి ఉన్నట్టుండి మాయమైతే యాంటెనా ఎక్కే ముందు మళ్లీ స్కాన్ చేయండి. స్టేషన్ వేరే ఫ్రీక్వెన్సీకి మారి ఉండొచ్చు.